చెక్కకు రంగా, సహజ వర్ణమా? — ఉదయగిరి గరిటె చెప్పే చరిత్ర

వంటింటి అల్మరాలకు రంగు వేయాలా, లేక కర్ర సహజ వర్ణాన్ని అలాగే నిలపాలా అన్న ప్రశ్న ఇల్లు కట్టుకొనే ప్రతివారికీ ఎదురవుతున్నది. ఇది కంటి ఇంపుకు మాత్రమే సంబంధించిన విషయమని చాలామంది భావిస్తారు. కాని దీని వెనుక వృక్షశాస్త్రం, రసాయనశాస్త్రం, ఆరోగ్యశాస్త్రం మూడూ ఉన్నాయి. అల్మరాలు వంటింట్లోకి రాకమునుపే మన పనివారు ఈ ప్రశ్నకు తగిన జవాబు కనుగొన్నారు. ఆ జవాబు నెల్లూరు జిల్లా పడమటి అంచున, ఉదయగిరిలో నేటికీ కనబడుతుంది.

కొండ, కోట, కర్ర

నెల్లూరు నుంచి పడమరగా ఆత్మకూరు మీదుగా సాగితే మాగాణి భూములు వెనుకబడి మెట్ట నేలలు, చిట్టడవులు, ఆపైన వెలిగొండలు ఎదురవుతాయి. ఆ కొండల్లోనిదే ఉదయగిరి దుర్గం. గజపతుల అధీనంలో ఉన్న ఈ కోటను దీర్ఘకాలం ముట్టడించి 1514లో శ్రీకృష్ణదేవరాయలు వశపరచుకొన్నాడు. ఇక్కడినుంచి తీసుకొనిపోయిన బాలకృష్ణ విగ్రహానికి 1515లో విజయనగరంలో ఆలయం వెలసింది. చరిత్ర పుస్తకాలలో ఉదయగిరి పేరు ఈ విజయం వల్ల నిలిచింది. వంటిళ్లలో మాత్రం చెక్క గరిటెల వల్ల నిలిచింది.

ఈ ప్రాంతపు అడవులలో దొరికే నర్ది, బిక్కి, దేవదారి వంటి కర్రలతో ఇక్కడి కుటుంబాలు గరిటెలు, చెంచాలు, ముళ్ల చెంచాలు, అట్లకాడలు చేస్తున్నాయి. ఈ పనిలో స్త్రీల పాత్ర చాలా ఎక్కువ. ఇక్కడి దేవదారి వేరు, హిమాలయాల దేవదారు వేరు అని పాఠకులు గమనించాలి. వాన తక్కువగా కురిసే మెట్ట అడవులలో చెట్టు నెమ్మదిగా పెరుగుతుంది. అటువంటి కర్ర సాధారణంగా గట్టిగా, సన్నని పోగుతో ఉంటుంది. దానిని రంపంతో కోసి, ఆకురాయితో రాచి, గరుకు కాగితంతో రుద్దితే ఏ పూతా లేకుండానే నునుపు తేలుతుంది. రంగు వేయరు, వార్నిషు పూయరు. ఈ వస్తువులకు 1999 నాటి భౌగోళిక సూచికల చట్టం కింద హస్తకళగా గుర్తింపు కూడా లభించింది.

రంగు ఎందుకు వేయలేదు?

గరిటె పని చేసే చోటును ఆలోచిస్తే కారణం తెలుస్తుంది. అది మరిగే పులుసులో మునుగుతుంది, కాగిన నూనెలో తిరుగుతుంది, మూకుడు అడుగును గీకుతుంది. అక్కడ ఏ పూతా నిలువదు. పెచ్చులుగా ఊడిన పూత ఆహారంలోనే కలుస్తుంది. కర్రకు మరొక సుగుణం ఉన్నది. ఉక్కు గరిటెల లోహం కర్రకంటె దాదాపు 100 రెట్లు, ఇత్తడి అనేక వందల రెట్లు ఎక్కువగా వేడిని ప్రసరింపజేస్తాయి. అందుచేతనే చెక్క గరిటె పిడి చేతిని కాల్చదు. చింతపండు, ఊరగాయల పులుపుకు ఇత్తడి కిలుమెక్కుతుంది, చెక్కకు ఆ బాధ లేదు. పప్పుగుత్తి, కవ్వం, తెడ్డు, ఊరగాయ గరిటె తరతరాలుగా పచ్చి కర్ర రంగుతోనే ఉండిపోవడానికి కారణం ఇదే.

పూత లేని కర్రలో సూక్ష్మజీవులు దాగుతాయన్న భయం ఒకటి ఉన్నది. 1994లో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆక్, క్లివర్ మొదలగువారు కూరలు తరిగే పలకలపై పరీక్షలు జరిపారు. పైన పడిన బాక్టీరియాను చెక్క లోపలికి పీల్చుకొంటుందనీ, అక్కడినుంచి అవి తిరిగి బయటికి రావడం కష్టమనీ తేలింది. అంతమాత్రాన కడగనవసరం లేదని అర్థం కాదు. కడిగి, నిలువబెట్టి, పూర్తిగా ఆరనివ్వడమే చెక్క వస్తువుకు ప్రాణం.

రంగు వేసినవారి కథ

తెలుగునాట రంగు చెక్క సంప్రదాయం కూడా తక్కువది కాదు. కొండపల్లిలో తేలికైన పొణికి కర్రతో బొమ్మలు చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికి, పైన రంగులు వేస్తారు. వరాహనది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిమెనపై తిప్పుతూ రంగు కలిపిన లక్కను అదిమిపెడతారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రను అంటుకొంటుంది. తరువాత మొగలి ఆకుతో రుద్దగా అద్దంవంటి మెరుపు వస్తుంది. నడుమ వచ్చిన కృత్రిమ రంగుల స్థానంలో గింజలు, బెరళ్లు, వేళ్లనుంచి తీసిన రంగులను తిరిగి ప్రవేశపెట్టడానికి కృషి చేసిన సి. వి. రాజుకు 2023లో పద్మశ్రీ లభించింది.

అయితే లక్క వేడికి మెత్తబడుతుంది, సారాయంలో కరుగుతుంది. కనుక బొమ్మకు, పెట్టెకు తగిన పూత వేడి గిన్నె మోసే బల్లకు తగదు. వస్తువు చేసే పనినిబట్టి పూతను ఎన్నుకొనడమే పాత పనివారి సూత్రం.

సీసం నేర్పిన పాఠం

పూర్వం ఐరోపాలో తెల్ల రంగుకు సీసపు సమ్మేళనమే ప్రధానమైన దినుసు. దానిని అవిసెనూనెలో నూరి తలుపులకు, కిటికీలకు పూసేవారు. చక్కగా కప్పేది, చాలాకాలం నిలిచేది. దాని విషం మెల్లగా బయటపడింది. 1904లో ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్ వైద్యుడు లాక్‌హార్ట్ గిబ్సన్, పిల్లల జబ్బుకు మూలం ఇంటి వరండా కటకటాలపై పొడిగా రాలుతున్న రంగేనని చూపాడు. 1909లో ఫ్రాన్సు సీసపు తెలుపును నిషేధిస్తూ చట్టం చేసింది. 1921లో అంతర్జాతీయ కార్మిక సంస్థ దాని వాడకాన్ని పరిమితం చేసే ఒడంబడికను ఆమోదించింది. ఆ శతాబ్దంలోనే వ్యాపించిన టైటానియం డయాక్సైడు విషం లేని తెలుపును ఇచ్చింది. భారతదేశంలో 2016 నాటి నియమాలు 2017 నవంబరు 1నుంచి అమలులోకి వచ్చి, గృహాలలో వాడే రంగులలో సీసం పది లక్షల భాగాలకు 90 భాగాలు మించరాదని శాసించాయి. అంటే అంతకు ముందటి రంగు ఉన్న పాత తలుపునో అల్మరానో గరుకు కాగితంతో పొడిగా రుద్దడం ప్రమాదకరం. ఆ ధూళిలో సీసం ఉండవచ్చు. పిల్లలకే దాని హాని ఎక్కువ.

రెంటి గుణాలు

కర్ర చచ్చిన తరువాత కూడా గాలిలోని తేమను పీల్చి ఉబ్బుతుంది, విడిచి కుంచించుకుపోతుంది. ఈ మార్పు పోగు పొడవున అత్యల్పం, అడ్డంగా ఎక్కువ. రంగు ఈ రాకపోకలను నెమ్మదింపజేస్తుందే కాని పూర్తిగా ఆపదు. అందుకే కీళ్ల వద్ద రంగు పగులుతుంది. రంగు చేసే గొప్ప మేలు వేరు: కర్ర కణాలను బంధించే లిగ్నిన్‌ను ఎండలోని అతినీలలోహిత కిరణాలు చెరుపుతాయి, రంగులోని రేణువులు ఆ కిరణాలను అడ్డుకొంటాయి. ఎండ తగిలే వీధి తలుపుకు ఇది అవసరం. నీడలో ఉండే వంటింటి అరకు అంత అవసరం లేదు.

సహజ వర్ణాన్ని నిలపదలచినవారు నూనెను వివేకంతో ఎన్నుకోవాలి. అవిసెనూనె గాలిలోని ఆమ్లజనిని గ్రహించి గట్టి పొరగా మారుతుంది. వేరుసెనగనూనె, ఆముదం అలా ఎండవు, జిడ్డుగా మిగిలి దుమ్మును పట్టుకొంటాయి. అవిసెనూనె తడిసిన గుడ్డలను ఉండగా చుట్టి పడవేస్తే లోపల వేడి పెరిగి వాటంతట అవే అంటుకొనవచ్చు. వాటిని విప్పి ఆరవేయాలి.

ఎన్నిక ఎలా?

ఎండ, వాన తగిలే తలుపుకూ, చౌక కర్రతో చేసిన అల్మరా పైభాగానికీ సీసం లేని రంగు తగినది. గట్టి పోగుగల మంచి కర్రకు సహజ వర్ణమే అందం. గీత పడినా ఆ చోటే రుద్ది నూనె పట్టించి సరిచేయవచ్చు, రంగు పెచ్చు ఊడితే మొత్తం పలకను తిరిగి తీర్చాలి. ఆహారాన్ని తాకే చెక్కకు మాత్రం పూతే వద్దు.

ఈ సహజ వర్ణానికి మూలం అడవి అన్న సంగతి మరువరాదు. ఈ కొండలలోనే పెరిగే ఎర్రచందనం, తన రంగు కారణంగానే విదేశాలకు తరలిపోయి, 1995లో అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణ జాబితాలో చేర్చవలసినంత స్థితికి వచ్చింది. నెమ్మదిగా పెరిగే చెట్టును వేగంగా నరికితే గరిటె కూడా మిగలదు. ఉదయగిరి స్త్రీల చేతిలోని ఆకురాయికి పని ఉండాలంటే వెలిగొండలపై బిక్కి, నర్ది మొక్కలు నిలవాలి. వంటింటి అందం ఆ కొండల పచ్చదనంతో ముడిపడి ఉన్నది.