తాళంతో పోయిన బర్క్‌లీ డీబీ

బర్క్‌లీ డీబీ అనే డేటాబేసుకు 2013 అచ్చిరాలేదు. మార్చిలో బిట్‌కాయిన్ గొలుసు రెండుగా చీలితే నింద దీని మీద పడింది. జూన్‌లో, సోర్స్ కోడు మార్పుల చరిత్ర దాచే సబ్‌వర్షన్ 1.8 వచ్చింది. ఇక మీదట దీన్ని వాడొద్దని అందులో రాతపూర్వకంగా చెప్పేశారు. అదే ఏడాది ఒరాకిల్ 6.0 కూర్పుకు లైసెన్సు మార్చింది, దాంతో ఇన్నాళ్లూ నమ్ముకున్నవాళ్లు కూడా వేరే దారి చూసుకోవడం మొదలుపెట్టారు. ఒక్క ఏడాదిలో మూడు దెబ్బలు. కానీ ఆ సంవత్సరం జరిగింది కర్మకాండే. ప్రాణం అంతకు ముందే, 2004 - 2005 మధ్యలో, సబ్‌వర్షన్ ఇంట్లోనే పోయింది.

పుట్టుక మాత్రం గొప్పది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీలో, బీఎస్‌డీ యూనిక్స్ రాసిన ఆవరణలోనే ఇదీ పుట్టింది. కీత్ బోస్టిక్, మార్గో సెల్ట్‌జర్, మైక్ ఓల్సన్ దాన్ని పెంచినవాళ్లు. 1996లో నెట్‌స్కేప్ వచ్చి, మాకు లావాదేవీల భద్రత కూడా కావాలని అడిగితే స్లీపీక్యాట్ అనే చిన్న కంపెనీ పెట్టారు. దీనికి వేరే సర్వర్ అక్కర్లేదు. మన ప్రోగ్రాములోనే ఒక లైబ్రరీగా ఒదిగి ఉంటుంది. ఏ మార్పయినా ముందు లాగ్ ఫైలులో రాసుకుని, ఆ తరువాతే అసలు పట్టికను ముడుతుంది. నడుమ కరెంటు పోయినా లాగ్ చూసుకుని మళ్లీ సరిగ్గా నిలబడగలదు. ఉచితం, మూలం బహిరంగం, వేగం. ఇన్ని సుగుణాలున్న సంబంధం ఎవరు కాదంటారు?

2000లో కొలాబ్‌నెట్ కంపెనీ సబ్‌వర్షన్ తలపెట్టినప్పుడు ముందున్న సమస్య అదే పని చేసే పాత సీవీఎస్. అందులో పది ఫైళ్ల మార్పులు ఎక్కిస్తుంటే, అంటే కమిట్ చేస్తుంటే, ఆరో ఫైలు దగ్గర లైను తెగితే ఐదు ఎక్కేవి, ఐదు మిగిలేవి. ఆ రోజు తీసుకున్న బిల్డ్ ఎవరి పాలిట పడితే వాళ్ల ఖర్మ. కార్ల్ ఫోగెల్, బెన్ కాలిన్స్-సస్‌మన్, జిమ్ బ్లాండీ కూర్చుని కమిట్ అంటే అంతా ఎక్కాలి, లేదా ఏదీ ఎక్కకూడదని తీర్మానించారు. ఆ హామీ బర్క్‌లీ డీబీ రెడీగా ఇస్తుంటే మనమే ఎందుకు కొత్తగా రాసుకోవాలి? 2001 ఆగస్టు 31న సబ్‌వర్షన్ తన సొంత కోడును తనలోనే పెట్టుకుంది. 2004 ఫిబ్రవరి 23న 1.0 విడుదలైంది. అప్పుడు నిల్వకు ఒకే దారి, బర్క్‌లీ డీబీ. ఆ నిర్ణయాన్ని ఇవాళ తప్పు పట్టేవాళ్లను చూస్తే నాకు చిరాకు. ఆ రోజున ఉన్న సమాచారంతో ఎవరైనా అదే ఎంచుకునేవాళ్లు.

ఆ రోజుల్లో మా మంథని కుర్రాళ్లు అమీర్‌పేట గదుల్లో ఇరుక్కుని జావా నేర్చుకుంటున్నారు. మా ఊరికి కంప్యూటర్‌తో చుట్టరికం ముందునుంచే ఉందనుకోండి. 1957 నుంచి 1977 దాకా మంథని ఎమ్మెల్యేగా ఉన్న పి.వి. నరసింహారావు పెద్ద వయసులో కంప్యూటర్ ముందు కూర్చుని ప్రోగ్రాములు రాయడం నేర్చుకున్న మనిషి. కాని ఊళ్లో మా తరం ఇళ్లలో వినపడే చదువు వేరు. పొద్దున్నే గోదావరి స్నానం, తరువాత వేదం సంత. సంత అంటే గురువు ఒకసారి అంటే శిష్యుడు రెండుసార్లు అనడం. నేను ఆ రెండో చదువు వదిలి మొదటిదాని వెంట హైదరాబాద్ పోయినవాణ్ణి. పని చేసిన చోట సోర్స్ కోడు చూసుకునే బాధ్యత నా మీద పడింది.

ఒక శనివారం రాత్రి విడుదల ఉందనగా మా సబ్‌వర్షన్ రెపో, అంటే కోడంతా దాచిన కొట్టు, బిగుసుకుపోయింది. ఎవరు చెక్ఔట్ కొట్టినా తెర మీద ఒకటే సందేశం: డీబీ_రన్‌రికవరీ, ప్రాణాంతక లోపం, డేటాబేసును రికవర్ చేయండి. ఇరవై మంది చేతులు కట్టుకుని కూర్చున్నారు. అపాచీ ఆపి, ఎస్ఎస్‌హెచ్‌లో ఉన్నవాళ్లందరినీ బయటికి పంపి, 'ఎస్‌వీఎన్‌అడ్మిన్ రికవర్' కొట్టాం. రెండు నిమిషాల్లో లేచింది. ఒక్క వరుస కూడా పోలేదు. పట్టుమని అరగంట తిరక్కుండా మళ్లీ పడింది. ఈసారి రికవరీ కమాండును రూట్ ఖాతాతో నడపడమే కారణం. కొత్తగా పుట్టిన లాగ్ ఫైలు, ఆ పది అంకెల పేరున్నది, రూట్ సొత్తయి కూర్చుంది. మిగతావాళ్లకు దానిలో రాసే హక్కు లేదు. హక్కులు మార్చాం, లేచింది. ఎవరు చేశారని ఆఫీసులో గొడవ. నిజానికి ఎవరూ ఏమీ చేయలేదు. మొదటిసారి పడటానికి మూలం, ఎవరో చరిత్ర చూద్దామని లాగ్ కమాండు కొట్టి, చాంతాడంత జాబితా వస్తుంటే విసుగొచ్చి కంట్రోల్-సీ నొక్కడం.

చరిత్ర చూడబోతే రెపో పడటమేమిటి? బర్క్‌లీ డీబీలో చదివేవాడు కూడా ముందు తాళం తీసుకోవాలి. ఆ తాళాల లెక్క అందరూ పంచుకునే ప్రాంతంలో, రెండు కిందిగీతలతో పేరు మొదలయ్యే చిన్న ఫైళ్లలో ఉంటుంది. దాన్ని ముట్టాలంటే రాసే హక్కుండాలి. అంటే చూడటానికి వచ్చినవాడు కూడా రాసేవాడే. వాడు తాళం చేతిలో ఉండగానే చచ్చిపోతే, ఆ తాళం ఎవరిదో, దాని కింద ఉన్నది సగం మారిందో లేదో తేల్చుకోలేక డేటాబేసు తలుపులు మూసుకుంటుంది. అది దాని నిజాయతీ. సందేహం ఉన్నప్పుడు తప్పు సమాచారం ఇవ్వడం కన్నా ఏమీ ఇవ్వకపోవడం మేలనుకునే స్వభావం. బ్యాంకు లెడ్జరుకు అది శ్రీరామరక్ష. వందమంది వచ్చి పోయే రెపోకు, అందులో సగం మంది ఫైలు దారిలో నేరుగా వస్తుంటే, రోజుకో గండం. పైగా నెట్‌వర్క్ డిస్కు మీద పెట్టకూడదు. ఒక రకం యంత్రం మీద పుట్టిన డేటాబేసును ఎత్తుకెళ్లి ఇంకో రకం యంత్రం మీద పెట్టడానికి లేదు. కొత్త ఫైళ్ల హక్కులు నిర్ణయించే ఉమాస్క్ సరిచేయడానికి ప్రతి కమాండుకూ ముందు ఒక తొడుగు స్క్రిప్టు రాసుకోవాలి.

ఆ ఏడు పండక్కి ఊరికి పోతే పెద్దబాపు, పట్నంలో ఏం కొలువురా అని అడిగాడు. ఆయన వేదంలో ఘనాపాఠి. చెప్పాను, నాకు తోచిన మాటల్లో.

"మీ దాంట్ల చదువుకునేటోడు నడుమల లేచిపోతే ఏమైతది?"

"ఆగిపోతది పెద్దబాపూ, అందరికీ."

కాసేపు ఆలోచించాడు. "చదివేటోనికి గూడ తాళం చేతికిస్తరా? రాసేటోనికంటె ఇయ్యాలె గని."

నేను నెలల తరబడి మాన్యువళ్లు తిరగేసి తెలుసుకున్నది ఆయన అరుగు మీద కూర్చుని పట్టేశాడు. పట్టడంలో వింత లేదు. ఘనపాఠం నిల్వ పద్ధతే. పదాలను క, ఖ, గ అనుకుంటే ఘనలో అవి కఖ, ఖక, కఖగ, గఖక, కఖగ అని నడుస్తాయి. అక్కణ్ణుంచి ఒక పదం ముందుకు జరిగి మళ్లీ అదే తిరుగుడు. లెక్క వేస్తే నడుమనున్న ఒక్కో పదం 13 సార్లు పలుకుతుంది, ముందు నుంచీ వెనక నుంచీ. ఒక అక్షరం జారితే పక్క పదం దగ్గరే అడ్డం తిరుగుతుంది, స్వరం తప్పితే వినేవాడే ఆపుతాడు. అన్నిటికన్నా ముఖ్యం, శిష్యుడు నేర్చుకున్నందువల్ల గురువు దగ్గరున్నది చెక్కు చెదరదు. ఒకసారి నిలిచిన పాఠాన్ని ఎవరూ తెరిచి దిద్దరు.

బోస్టన్ పక్కన ఎంఐటీలో పనిచేసే గ్రెగ్ హడ్సన్ సబ్‌వర్షన్‌కు ఎఫ్ఎస్ఎఫ్ఎస్ అనే కొత్త నిల్వ పద్ధతి రాసినప్పుడు ఆయన దృష్టిలో ఉన్నదీ దాదాపు ఇదే. ప్రతి కమిట్‌కూ ఒక ఫైలు. ఒకటో సవరణకు ఒకటి అనే ఫైలు, వెయ్యో సవరణకు వెయ్యి అనే ఫైలు. కొత్త కమిట్ ముందు పక్కనున్న లావాదేవీల డైరెక్టరీలో తయారవుతుంది. అంతా సిద్ధమయ్యాక రాసేవాడు ఒక్కడే క్షణకాలం తాళం వేసుకుని, ఫైలును తన చోటికి జరిపి, 'కరెంట్' అనే చిన్న ఫైలులోని అంకెను మారుస్తాడు. నడుమ చస్తే పక్క డైరెక్టరీలో సగం వండిన సరుకు మిగులుతుంది, తరువాత ఎప్పుడో తీరిగ్గా ఊడ్చేయొచ్చు. చదివేవాడికి తాళం లేదు, రాసే హక్కు అక్కర్లేదు. నెట్‌వర్క్ డిస్కు మీదా ఉంటుంది. ఒక్కసారి చేరిన సవరణ ఫైలును మళ్లీ తాకరు గనక బ్యాకప్ అంటే కొత్త ఫైళ్లు కాపీ చేసుకోవడమే.

2004 సెప్టెంబరులో 1.1తో ఇది వచ్చినప్పుడు పెద్దలు పెదవి విరిచారు. లావాదేవీలున్న డేటాబేసు వదిలేసి ఉత్త ఫైళ్లా? నలిగిన సరుకు కాదు, ఏళ్ల అనుభవం లేదు, ఒక డైరెక్టరీలో వేల ఫైళ్లు పడితే ఫైల్‌సిస్టమ్ తట్టుకోదు. వాదనలో బలం ఉంది. కానీ అప్పటికే అర్ధరాత్రి ఫోన్లు ఎత్తి విసిగిన అడ్మిన్లు ఆ వాదన వినే స్థితిలో లేరు. డంప్ తీసి, కొత్త రెపోలో లోడ్ చేసి, ఎవరికి వాళ్లు చడీచప్పుడు లేకుండా మారిపోయారు. 2005 మేలో 1.2 వచ్చేసరికి కొత్త రెపో పుడితే అది ఎఫ్ఎస్ఎఫ్ఎస్. సింహాసనం దక్కి ఏడాదింబావు తిరిగేసరికి బర్క్‌లీ డీబీ దిగాల్సి వచ్చింది. అదే ఏడాది ఏప్రిల్‌లో లైనస్ టోర్వాల్డ్స్ ఇదే పనికి గిట్ మొదలుపెట్టి, డేటాబేసు జోలికే పోకుండా ఫైళ్లలో రాసుకున్నాడు.

తరువాత జరిగిందే నన్ను ఎక్కువ బాధపెడుతుంది. జబ్బుకు మందు దొరికింది. బర్క్‌లీ డీబీ 4.4లో, చచ్చిన ప్రోగ్రాము వదిలిన తాళాలను పోల్చుకుని తనంతట తానే కోలుకునే వీలు వచ్చింది. 2006 సెప్టెంబరులో సబ్‌వర్షన్ 1.4 దాన్ని వాడుకుంది కూడా. నా రెపో లాంటివి ఇక బిగుసుకుపోనక్కర్లేదు. కానీ అప్పటికి అడిగేవాడెవడు? ఆ ఏడాది ఫిబ్రవరిలోనే స్లీపీక్యాట్‌ను ఒరాకిల్ కొనేసింది. 2008లో 1.5 సవరణ ఫైళ్లను వెయ్యేసి చొప్పున డైరెక్టరీల్లో సర్దింది, 2009లో 1.6 ఒక్కో డైరెక్టరీని ఒక్క మూటగా కట్టే కమాండు ఇచ్చింది. వేల ఫైళ్ల మీదున్న అభ్యంతరానికి జవాబు దొరికిపోయింది. బర్క్‌లీ డీబీ వైపు కొత్తగా రాసేవాళ్లు లేరు, ఉన్నది పాడు కాకుండా చూసేవాళ్లే మిగిలారు.

బిట్‌కాయిన్ గొడవలోనూ తాళమే. బిట్‌కాయిన్ సాఫ్ట్‌వేర్ 0.7 కూర్పు బ్లాకుల సూచికను బర్క్‌లీ డీబీలో పెట్టుకుని, ఒకేసారి వేసే తాళాలకు 10,000 అని హద్దు పెట్టుకుంది. 0.8 కూర్పు లెవల్‌డీబీ అనే వేరే డేటాబేసుకు మారింది. 2013 మార్చి 11 రాత్రి ఒక పెద్ద బ్లాకు వచ్చింది. కొత్త కూర్పు తీసుకుంది, పాతదానికి తాళాలు చాలక కాదంది. గొలుసు చీలింది. చివరికి అందరూ కొత్త గొలుసును వదిలి, బర్క్‌లీ డీబీ ఒప్పుకున్న పాతదాని మీదికే వెనక్కి వచ్చారు. ఆ రాత్రి నెగ్గింది అదే. నెగ్గాక దాన్ని తీసేయడానికి గడువు పెట్టారు. హద్దు పెట్టింది వాడుకున్నవాళ్లు, పేరు పోయింది దానిది.

గెలిచినదానికీ మచ్చ లేకపోలేదు. ఒకే సరుకు రెండుసార్లు దాచకుండా ఎఫ్ఎస్ఎఫ్ఎస్ 1.6 నుంచి, సరుకును బట్టి లెక్కగట్టే షా-1 ముద్రలను ఒక చిన్న ఎస్‌క్యూలైట్ పట్టికలో పెట్టుకుంటోంది. 2017 ఫిబ్రవరిలో ఒకే ముద్ర వచ్చే రెండు వేర్వేరు పీడీఎఫ్‌లను పరిశోధకులు తయారు చేశారు. ఆ రెంటినీ వెబ్‌కిట్ అనే బ్రౌజర్ ఇంజిన్ రెపోలో పరీక్ష కోసమని ఎక్కిస్తే, రెపో రెండూ ఒకటేననుకుని తికమకపడి మొరాయించింది. ఘనలో 13 సార్లు పలికించేది ఎందుకో ఆ వారం బాగా అర్థమైంది. పెద్దబాపుకు చెబుదామనుకున్నాను గాని అప్పటికి ఆయన లేడు. ఆయన దగ్గర సంత పూర్తి చేసినవాళ్లలో ఇద్దరు హైదరాబాద్‌లోనే ఉన్నారు, ఇద్దరూ సాఫ్ట్‌వేర్‌లోనే. ఒకడు నా కింద పని నేర్చుకున్నాడు.

సబ్‌వర్షన్ 1.14 మూలంలో ఆ పాత నిల్వ కోడు ఇంకా ఉంది, తీసేయలేదు. కంపైల్ చేసేటప్పుడు కోరి కలుపుకోవాలి. ఏ కాలేజీ ల్యాబులోనో, ప్రాజెక్టు ఆఫీసు మూలనో 2004 నాటి రెపో ఉండిపోయినవాళ్లు ఆ ఫైళ్లను కొత్త యంత్రం మీదికి కాపీ చేసి తెరవబోతే తెరుచుకోవు. అది పుట్టిన యంత్రం ఆడుతుండగానే, అదే బర్క్‌లీ డీబీ కూర్పుతో, ముందు రికవర్ కొట్టి, లాగ్ ఫైళ్లు ఒక్కటీ చెరపకుండా డంప్ తీసుకోవాలి. ఆ డంప్ ఏ సబ్‌వర్షన్‌లోకైనా ఎక్కుతుంది. రికవర్ మాత్రం రూట్‌గా కొట్టకండి.