భీమవరం నుంచి గచ్చిబౌలి దాకా ఒక మందు కథ

కీమో అనగానే ఎవరికైనా ముందు గుర్తొచ్చేవి ఊడిపోయే జుట్టు, ఆగని వాంతులు. ఆ వైద్యానికి దారి వేసినవాళ్లలో ఒక తెలుగువాడున్నాడన్న సంగతి మాత్రం హైదరాబాద్ గచ్చిబౌలి డే కేర్ వార్డుల్లో సెలైన్ సీసా వంక చూస్తూ కూర్చున్నవాళ్లలో చాలామందికి తెలియదు.

1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు సోదరులు ఇద్దరు స్ప్రూ అనే పేగుల జబ్బుతో పోయారు. తర్వాత అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నడిపిన బృందం 1945లో ఆ జబ్బుకు పనికొచ్చే ఫోలిక్ యాసిడ్‌ను తయారుచేసింది. బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ ఆ జాతి పదార్థాలను లుకేమియా (రక్త క్యాన్సర్) ఉన్న పిల్లలకు ఇచ్చి చూస్తే, జబ్బు తగ్గకపోగా ఇంకా జోరందుకున్నట్టు కనిపించింది. మరి కణానికి ఫోలిక్ యాసిడ్ దక్కకుండా చేస్తే? అచ్చం దానిలాగే కనిపించి కణాన్ని బురిడీ కొట్టించే అమినోప్టెరిన్ లెడర్లీ నుంచే ఫార్బర్‌కు వెళ్లింది. 1948 జూన్‌లో ఫార్బర్ ప్రకటించిన ఫలితాల్లో 16 మంది పిల్లల్లో 10 మందికి కొంతకాలం పాటు జబ్బు తగ్గుముఖం పట్టింది. ఆ ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూశారు.

ఈ మందుల దుష్ప్రభావాల్లో ఒకటైన నోటిపూత ఫార్బర్ అప్పటి నివేదికలోనే ఉంది. కణం రెండుగా చీలాలంటే కొత్త డీఎన్‌ఏ కావాలి, దానికి ఫోలిక్ యాసిడ్ కావాలి. వేగంగా చీలేది క్యాన్సర్ కణమొక్కటే కాదు. నోటి లోపలి పొర, పేగులు, జుట్టు కుదుళ్లు, ఎముక మజ్జ కూడా అంతే. మందుకు తన పర భేదం లేదు. రెండు కీమో సైకిళ్ల మధ్య ‘కౌంట్స్ పడిపోయాయి’ అని డాక్టర్లు అనేది మజ్జ దెబ్బతిని రక్తకణాలు తగ్గిన రోజుల గురించే. జ్వరం వస్తే వెంటనే ఆసుపత్రికి రమ్మని చెప్పేదీ అందుకే. వాంతుల మీద మాత్రం వైద్యం బాగానే గెలిచింది: 1991లో అమెరికాలో అనుమతి పొందిన ఒండాన్‌సెట్రాన్ ఆ బాధను చాలావరకు అదుపులోకి తెచ్చింది.

1998లో హైదరాబాద్‌లో సైబర్ టవర్స్ అనే ఐటీ భవనం తెరుచుకునేనాటికి నగరంలో క్యాన్సర్ రోగుల పెద్ద దిక్కు రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే ఆసుపత్రి. 2000లో బంజారాహిల్స్‌లో బసవతారకం ఆసుపత్రి వచ్చింది. కానీ హైదరాబాద్ అసలు బలం ఆసుపత్రుల కన్నా మందుల ఫ్యాక్టరీల్లోనే ఉందనిపిస్తుంది. 2012 మార్చిలో దేశంలోనే తొలి కంపల్సరీ లైసెన్సు, అంటే వేరొకరి పేటెంట్ ఉన్న మందును తయారుచేసుకునే అనుమతి, ఇక్కడి మందుల కంపెనీ నాట్కోకు దక్కింది. కాలేయ, మూత్రపిండాల క్యాన్సర్లకు వాడే సోరాఫెనిబ్ నెల ఖర్చు సుమారు 2,80,000 రూపాయల నుంచి 8,880కి దిగింది. ఇది పాత తరహా కీమో కాదు, మాత్ర. దీని చిక్కు అరచేతుల్లో, అరికాళ్లలో ఉంటుంది: ఎర్రబారి, మండి, పొట్టు లేస్తాయి. కీబోర్డు మీద బతికే ఊళ్లో ఇది చిన్న బాధేమీ కాదు.

అమినోప్టెరిన్‌కు తోబుట్టువు లాంటి మెథోట్రెక్సేట్ నేటికీ వాడుకలోనే ఉంది. పెద్ద మోతాదులో ఎక్కిస్తే, సాధారణంగా 24 గంటలు దాటాక ల్యూకోవోరిన్ మొదలుపెడతారు. అదీ ఫోలిక్ యాసిడ్ రూపమే. మంచి కణాలను కాపాడే విరుగుడు. మూత్రపిండాలు దెబ్బతినకుండా సెలైన్ ధారాళంగా ఎక్కిస్తారు, మూత్రంలో ఆమ్లం పెరగకుండా చూస్తారు, మందు మట్టం కోసం రక్తం మళ్లీ మళ్లీ తీస్తారు. ఆ అంకె తగినంత దిగేదాకా ల్యూకోవోరిన్ ఆపరు.