లంకెబిందెల కథ, కోటగుళ్ల ఇసుక

భూపాలపల్లి జిల్లా గణపురంలో, అంటే పాత కాగితాల్లోని ములుగు ఘనపూర్‌లో, పెరిగినవాళ్లకు కోటగుళ్ల లంకెబిందెల కథ తెలియకుండా ఉండదు. గణపేశ్వరుడి కింద కాకతీయులు బంగారం దాచారని, నాగుపాము కాపలా ఉందని, తాకినవాడి వంశం నిలవదని పెద్దలు చెబుతారు. ఆ శాపానికి భయపడేవాళ్లు దండం పెట్టుకుని వెళ్లిపోతారు. భయం లేనివాళ్లు గడ్డపారలు తెస్తారు. తెలంగాణలో పాత శివాలయాలు ఎన్నో ఇలాంటి కథ వల్లే నాశనమయ్యాయి.

కాకతీయ రాజు గణపతిదేవుడు ఏలిన కాలం 1199 నుంచి 1262 దాకా. ఈ గుళ్లు ఆయనవే అని కొందరు, రేచర్ల గణపతిరెడ్డివని కొందరు అంటారు. రాతి ప్రాకారం లోపల చిన్నా పెద్దా కలిపి 22 గుళ్లు. తూర్పు ముఖంగా ప్రధానాలయం, దానికి ఉత్తరాన అదే పోలికలో కాటేశ్వరాలయం. చూరు కింద మదనికల శిల్పాలు. వాటి పక్కనే మనిషీ సింహమూ కలిసిన రౌతు, కింద ఏనుగు. రామప్ప గుడి చూసి వెనక్కి తిరిగేవాళ్లు ఈ రౌతును చూడకుండా పోతున్నారని నాకు దిగులు.

దేవుడి సొమ్ము బిందెల్లో ఉండేది కాదు. 1213 నాటి రామప్ప శాసనం చూడండి, కాకతీయుల సేనాని రేచర్ల రుద్రుడు గుడికి ఊళ్లనే రాసిచ్చాడు. చెరువు నీళ్లతో పొలం పండాలి, ఆ పంటతో దీపం, నైవేద్యం, ఆటా పాటా సాగాలి. కాకతీయులు గుడిని, చెరువును, ఊరిని కలిపే తలపెట్టారు. మా గణపసముద్రం ఆ ఏర్పాటులోదే. 1323లో కాకతీయుల రాజధాని ఓరుగల్లు పడిపోయాక గుళ్లకు ఆ ఆదరణ పోయింది. చెరువు మాత్రం ఇప్పటికీ మా పొలాలకు నీళ్లిస్తోంది.

ఇంకో సంగతి ఉంది, తవ్వేవాళ్లకు తెలియనిది. కాకతీయులు పెద్ద గుళ్లకు లోతుగా గొయ్యి తీసి, ఇసుక నింపి, తడిపి గట్టిపరిచి, దాని మీద రాయి పేర్చేవారు. భూమి కదిలితే ఆ ఊపును ఇసుక మింగుతుంది. పక్కన గొయ్యి తవ్వితే ఇసుక జారుతుంది, పైన స్తంభం ఒరుగుతుంది, దూలం పగులుతుంది. బంగారం కోసం వేసిన ఒక్క గడ్డపార ఎనిమిది వందల ఏళ్ల బరువును పడగొట్టగలదు.

పాము కథ మానేయమని నేను అనను. ఆ భక్తి, ఆ భయం ఎన్నో చేతులను ఆపాయి. పురావస్తు శాఖ రాకముందు గుడికి అవే కాపలా. కానీ శివరాత్రి జాగారంలో పిల్లలు లంకెబిందెల గురించి అడిగితే ఇసుక సంగతి కూడా చెప్పండి. ఒరిగిన స్తంభం దగ్గరికి తీసుకెళ్లి, కింద ఏం ఉందో, తవ్వితే ఏమవుతుందో చూపించండి.