దిస్ సైడ్ ఆఫ్ పారడైజ్

'దిస్ సైడ్ ఆఫ్ పారడైజ్' అమెరికా టెలివిజన్ ధారావాహిక 'స్టార్ ట్రెక్' మొదటి సీజనులోని ఒక భాగము. ఇది 1967 మార్చి 2న ఎన్‌బీసీ ద్వారా తొలిసారి ప్రసారమైనది. శీర్షికకు 'స్వర్గానికి ఇవతలి వైపు' అని అర్థం చెప్పుకొనవచ్చును. ఒక మొక్క ప్రభావానికి వశమై సిబ్బంది యావత్తూ నక్షత్రనౌకను విడిచిపోగా, అదే ప్రభావానికి లోనైన నౌకాధిపతి కెప్టెన్ కర్క్ తన మనస్సును తానే విడిపించుకొనడం ఇందలి ప్రధానాంశం.

నేపథ్యము

జీన్ రోడెన్‌బెరీ సృష్టించిన స్టార్ ట్రెక్ 1966 సెప్టెంబరు 8 నుండి 1969 జూన్ 3 వరకు మొత్తం 79 భాగాలుగా ప్రసారమైనది. 'ఎంటర్‌ప్రైజ్' అనే నక్షత్రనౌక సాగించే అన్వేషణ ఇందలి ఇతివృత్తం. కెప్టెన్ జేమ్స్ కర్క్‌గా విలియం షాట్నర్, సగం మానవుడు, సగం వల్కన్ జాతివాడు అయిన స్పాక్‌గా లియొనార్డ్ నిమోయ్, వైద్యుడు మెకాయ్‌గా డిఫారెస్ట్ కెల్లీ నటించారు. భావోద్వేగాలను అణచుకొని తర్కబద్ధంగా జీవించడం వల్కనుల ధర్మం. ఈ విషయం తెలియనిదే ఈ కథలోని బాధ పాఠకునికి అందదు.

ఈ భాగం వెలువడిన కాలం కూడా గమనింపదగినది. 'బ్రెయిన్‌వాషింగ్' అనే మాటను 1950లో ఎడ్వర్డ్ హంటర్ అనే పాత్రికేయుడు ప్రచారంలోనికి తెచ్చాడు. కొరియా యుద్ధం ముగిసిన పిమ్మట 21 మంది అమెరికన్ యుద్ధఖైదీలు స్వదేశానికి తిరిగి రావడానికి నిరాకరించడంతో, మనిషి మనస్సును ఇతరులు వశపరచుకొనగలరన్న భయం అమెరికాలో బలపడింది. ఆ దేశపు గూఢచారి సంస్థ సీఐఏ 1953లో 'ఎంకే అల్ట్రా' అనే పేరుతో ఇటువంటి ప్రయోగాలనే రహస్యంగా ప్రారంభించింది. ఆ సంగతి ప్రజలకు 1975లో గాని తెలియలేదు. మరొక వైపు ఎల్‌ఎస్‌డీ వంటి మాదకద్రవ్యాలు యువతలో వ్యాపించగా, కాలిఫోర్నియా రాష్ట్రం 1966 అక్టోబరులో దానిని నిషేధించింది.

కథ

ఒమిక్రాన్ సెటి-3 అనే గ్రహంపై బెర్తోల్డ్ కిరణాలు అనే ప్రాణాంతక వికిరణం నిరంతరం ప్రసరిస్తూ ఉంటుంది. మూడేళ్ళ క్రితం అక్కడ స్థిరపడిన వారు ఈపాటికి మరణించి ఉంటారని భావించి వచ్చిన ఎంటర్‌ప్రైజ్ సిబ్బందికి వారందరూ సంపూర్ణ ఆరోగ్యంతో కనిపిస్తారు. నాయకుడు ఎలియాస్ శాండవాల్ శరీరంలో, పూర్వం శస్త్రచికిత్స ద్వారా తొలగించిన ఉండుకము సైతం తిరిగి పెరిగి ఉంటుంది. గ్రహంపై జంతువులు మాత్రం ఒక్కటీ మిగలలేదు.

అంతరిక్షం నుండి కొట్టుకొనివచ్చిన సిద్ధబీజాలు అక్కడి మొక్కలలో నివసిస్తూ, సమీపించిన వారిపై చిమ్ముతాయి. మనిషి దేహంలో చేరి, వికిరణం నుండి కాపాడి, ఆరోగ్యాన్ని, అంతులేని సంతృప్తిని ఇస్తాయి. ప్రతిఫలంగా ఆశయాన్ని, కర్తవ్యాన్ని హరిస్తాయి. ఇక్కడ కత్తి పట్టిన శత్రువు లేడు, సుఖమే శత్రువు. పూర్వం తనను ప్రేమించిన లైలా కలోమి అనే స్త్రీ స్పాక్‌ను ఆ మొక్క వద్దకు తీసుకొనిపోతుంది. మొదట తీవ్రమైన బాధ అనుభవించిన స్పాక్, మరుక్షణం చెట్టుకొమ్మకు వ్రేలాడుతూ నవ్వే మనిషిగా మారిపోతాడు. నౌకలోనికి చేర్చిన మొక్కల నుండి సిద్ధబీజాలు గాలిగొట్టాల ద్వారా వ్యాపించగా సిబ్బంది వరుసలు కట్టి గ్రహానికి దిగిపోతారు. ఇది తిరుగుబాటు కదా అని కర్క్ గద్దించగా, అవునని శాంతంగా ఒప్పుకొంటారు.

కర్క్ విముక్తి

ఖాళీ నౌకలో ఒంటరిగా మిగిలిన కర్క్‌పై కూడా చివరకు మొక్క సిద్ధబీజాలను చిమ్ముతుంది. అతడు సంతోషంగా పెట్టె సర్దుకొంటాడు. సర్దుకొనేటప్పుడు తాను పొందిన పతకం చేతికి తగులుతుంది. ట్రాన్స్‌పోర్టర్ గదికి చేరిన తరువాత, ఇక అడుగు వేస్తే నౌక శాశ్వతంగా దూరమవుతుందన్న తలంపు రాగానే దుఃఖం, దానిని అనుసరించి ఆగ్రహం పెల్లుబుకుతాయి. వెళ్ళలేనని అరచి పెట్టెను మోదుతాడు. ఆ ఉద్వేగంతో మత్తు విడిపోతుంది.

ఈ దృశ్యం చాలా క్లుప్తమైనది. బయటి నుండి ఎవరూ సహాయపడలేదు, ఔషధం లేదు. నౌకపై గల మమకారమే అతనికి తాళంచెవి. తీవ్రమైన ఉద్వేగం సిద్ధబీజాలను నశింపజేస్తుందని గ్రహించిన వెంటనే కర్క్ దానిని శాస్త్రజ్ఞుని వలె వినియోగిస్తాడు. ఏదో నెపంతో స్పాక్‌ను నౌకలోనికి రప్పించి, అతని జన్మను, తల్లిదండ్రులను దూషిస్తాడు. వల్కనుల బలం మానవుల బలం కంటే ఎన్నో రెట్లు అధికం కనుక ఇది ప్రాణాపాయంతో కూడిన ప్రయోగం. చంపడానికి చేయి ఎత్తిన క్షణంలో స్పాక్ స్పృహలోనికి వస్తాడు. పిమ్మట ఇద్దరూ కలిసి చెవికి వినబడని అత్యల్ప పౌనఃపున్య ధ్వనిని గ్రహంపైకి ప్రసరింపజేయగా, అందరిలో చిరాకు పెరిగి కొట్లాటలు చెలరేగుతాయి, వశీకరణం తొలగుతుంది.

లైలా విషయం వేరు. స్పాక్ మునుపటి స్పాక్‌గా మారిపోయాడని తెలిసిన దుఃఖమే ఆమెను విడిపిస్తుంది. మూడేళ్ళలో తాము సాధించినది ఏమీ లేదని శాండవాల్ గ్రహించి గ్రహాన్ని విడవడానికి అంగీకరిస్తాడు. స్వర్గం నుండి మనిషి రెండవసారి గెంటివేయబడ్డాడని మెకాయ్ అనగా, ఈసారి మనమే బయటకు నడిచామని కర్క్ సమాధానమిస్తాడు. తాను జీవితంలో మొట్టమొదటిసారి సంతోషంగా ఉన్నది అక్కడనే అని స్పాక్ చెప్పగా కథ ముగుస్తుంది. కర్క్ గెలుపు ఎంత న్యాయమైనదైనా, స్పాక్ కోల్పోయినదానికి అతని వద్ద సమాధానం లేదు.

పోలికలు

హోమర్ 'ఒడిస్సీ'లో తామరలను భుజించి ఇల్లు మరచిన నావికులను ఒడిస్సియస్ ఈడ్చుకొనివచ్చి ఓడలో కట్టివేసే ఘట్టం ఈ కథకు పూర్వరూపం వంటిది. అయితే ఒడిస్సియస్ స్వయంగా ఆ ఫలాన్ని రుచి చూడలేదు.

స్త్రీరాజ్యంలో చిక్కుకొన్న మత్స్యేంద్రనాథుని, శిష్యుడు గోరఖ్‌నాథుడు మద్దెల ధ్వనితో మేలుకొలిపిన గాథ భారతీయులకు సుపరిచితం. తెలుగులో 1975లో 'మాయా మశ్చీంద్ర' పేరుతో చలనచిత్రం వచ్చింది. అక్కడ గురువును శిష్యుడు విడిపిస్తే, ఇక్కడ నాయకుడు మొదట తనను, తరువాత అనుచరులను విడిపిస్తాడు. మహాభారతం విరాటపర్వంలో అర్జునుని సమ్మోహనాస్త్రానికి కౌరవ వీరులందరూ మూర్ఛిల్లినా, ప్రతిక్రియ తెలిసిన భీష్ముడు లొంగడు. ఇక భగవద్గీత రెండవ అధ్యాయం క్రోధం నుండి సమ్మోహం పుడుతుందని చెప్పగా, ఈ కథలో క్రోధమే సమ్మోహాన్ని పోగొడుతుంది. ఈ వైరుధ్యం భారతీయ ప్రేక్షకునికి ఆసక్తికరంగా ఉంటుంది.

తరువాతి ధారావాహిక 'స్టార్ ట్రెక్: ది నెక్స్ట్ జనరేషన్'లో కెప్టెన్ పికార్డ్‌ను బోర్గ్ అనే యంత్రమానవ సమూహం లోబరచుకొంటుంది. 1990 జూన్, సెప్టెంబరు నెలలలో రెండు భాగాలుగా వచ్చిన ఆ కథలో పికార్డ్ విముక్తికి సహచరుల సహాయం అవసరమవుతుంది. ఆ తరువాతి భాగంలో అతడు స్వగ్రామానికి వెళ్ళి, ద్రాక్షతోట బురదలో అన్న ఎదుట విలపిస్తాడు. కర్క్ మత్తు వదలగానే మామూలు మనిషి కాగా, పికార్డ్ గాయం ఏళ్ళ తరబడి మానదు.

నిర్మాణ విశేషాలు

మొదటి చిత్రానువాదాన్ని జెర్రీ సోల్ వ్రాశాడు. అందులో ప్రేమకథ సులు అనే పాత్రది. డి.సి. ఫాంటానా దానిని స్పాక్‌కు మార్చి తిరిగి వ్రాసింది. ఈ పని ఫలితంగానే ఆమెకు కథా సంపాదకురాలి పదవి లభించింది. మార్పులు నచ్చని సోల్ తన పేరుకు బదులు నాథన్ బట్లర్ అనే మారుపేరు వేయించుకొన్నాడు. దర్శకుడు రాల్ఫ్ సెనెన్‌స్కీకి స్టార్ ట్రెక్‌లో ఇది మొదటి భాగం. బహిరంగ దృశ్యాలలో కొన్నింటిని డిస్నీ సంస్థకు చెందిన గోల్డెన్ ఓక్ రాంచ్‌లో చిత్రీకరించారు. లైలాగా జిల్ ఐర్లాండ్, శాండవాల్‌గా ఫ్రాంక్ ఓవర్టన్ నటించారు. ఓవర్టన్ ఈ భాగం ప్రసారమైన మరుసటి నెలలోనే, 1967 ఏప్రిల్‌లో మరణించాడు.