అమ్రాబాద్ టైగర్ రిజర్వ్‌లో పర్యావరణ విద్య

అమ్రాబాద్ టైగర్ రిజర్వ్‌లో పర్యావరణ విద్య అనేది నల్లమల అడవిని ప్రత్యక్షంగా చూపుతూ, ప్రకృతి పరిరక్షణను, అక్కడి ఆదివాసీలైన చెంచుల జీవన సంస్కృతిని పరిచయం చేసే అభ్యసన విధానం. ఈ రిజర్వ్ తెలంగాణలోని నాగర్‌కర్నూల్, నల్లగొండ జిల్లాల్లో 2,611.39 చదరపు కిలోమీటర్ల మేర విస్తరించి ఉంది, ఇందులో 2,166.37 చ.కి.మీ. కోర్ ప్రాంతం, 445.02 చ.కి.మీ. బఫర్ ప్రాంతం.

చరిత్ర: ఈ అడవి 1983లో నాగార్జునసాగర్–శ్రీశైలం టైగర్ రిజర్వ్‌లో భాగమైంది. 2014 రాష్ట్ర విభజన అనంతరం, 2015లో అమ్రాబాద్ ప్రత్యేక రిజర్వ్‌గా ఏర్పడింది.

విధానం: మన్ననూరులోని పర్యావరణ విద్యా కేంద్రం అడవికి ప్రవేశద్వారం వంటిది. అటవీ నడకలు, సఫారీలు పరిశీలనకు అవకాశమిస్తాయి. జంతువుల అడుగుజాడలు, వేసవిలో నీరు నింపే సాసర్ పిట్లు, కెమెరా ట్రాప్‌ల ద్వారా వన్యప్రాణి సంరక్షణ పనితీరు అర్థమవుతుంది. చెంచు యువకులు గైడ్లుగా, అడవి కాపలాదారులుగా పనిచేస్తున్నారు. ప్లాస్టిక్ నియంత్రణ సందర్శకులకు ఆచరణ పాఠం. వర్షాకాలంలో, జూలై నుంచి సెప్టెంబర్ వరకు, సఫారీలు నిలిపివేస్తారు.

సాంస్కృతిక అంశాలు: చెంచులను ప్రభుత్వం ప్రత్యేకంగా బలహీనమైన ఆదివాసీ సమూహంగా గుర్తించింది. వారి జీవనంపై మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ రాసిన గ్రంథం 1943లో వెలువడింది. తేనె, జిగురు, దుంపల సేకరణలో వారికున్న రుతుజ్ఞానం మితవినియోగానికి ఆధారం. చైత్ర పౌర్ణమికి జరిగే సలేశ్వరం జాతర, ఉమామహేశ్వర క్షేత్రం ఈ అడవికి ఆధ్యాత్మిక ప్రాధాన్యం కల్పించాయి.

ప్రాముఖ్యం: కృష్ణా నది పరీవాహక ప్రాంతాన్ని కాపాడే ఈ అడవి, పులి ఆవాసం, నీటి భద్రత, ఆదివాసీ జీవనోపాధి పరస్పరాధారితమని ప్రత్యక్షంగా నిరూపిస్తుంది.