భాగం – 9 : శ్రీశైల యాత్ర – దారులు, ఉత్సవాలు, యాత్రికులు

9.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
• శ్రీశైల యాత్ర చరిత్రకు ఆధారమైన శాసన, సాహిత్య, మౌఖిక ఆధారాలను గుర్తించగలుగుతారు.
• యాత్రా మార్గాల ఏర్పాటులో రాజుల పాత్రను, ప్రజల పాత్రను వేరు చేసి చూడగలుగుతారు.
• శివరాత్రి, ఉగాది, సంక్రాంతి ఉత్సవాలకు ఏ ప్రాంతాల వారు, ఏ సంబంధంతో వస్తారో వివరించగలుగుతారు.
• యాత్రలో వచ్చిన మార్పులకు కారణాలను చర్చించగలుగుతారు.

9.1 పరిచయం

దేవాలయ చరిత్ర అనగానే మనకు ముందుగా గుర్తుకు వచ్చేవి గోపురం కట్టించిన రాజు పేరు, మండపం మీది శాసనం, మాన్యంగా ఇచ్చిన గ్రామాల జాబితా. ఇవన్నీ ముఖ్యమైనవే. అయితే గుడిని కట్టించిన వారు కొందరు. ఆ గుడికి తరతరాలుగా నడిచి వచ్చినవారు లక్షల మంది. వారిలో చాలామంది శాసనం వేయించగలిగిన వారు కారు. వారి చరిత్రను ఎలా తెలుసుకోవాలి? ఈ ప్రశ్నకు శ్రీశైలం మంచి ఉదాహరణ. నల్లమల అడవి నడుమ, కృష్ణానది లోయకు పైన ఉన్న ఈ క్షేత్రానికి ఇరవయ్యో శతాబ్ది వరకు కాలిబాటలే ప్రధానమైన దారులు. కాబట్టి ఇక్కడ యాత్ర చరిత్ర అంటే చాలా వరకు దారి చరిత్రే. ఆ దారిని వేసినవారు ఎవరు, దానిపై సుంకం తీసుకున్నవారు ఎవరు, ఆ దారిన వచ్చి స్వామిని తమవాడని చెప్పుకున్నవారు ఎవరు అనే మూడు విషయాలను ఈ భాగంలో పరిశీలిద్దాం.

9.2 క్షేత్రం, ద్వారాలు

శ్రీశైలంలో మల్లికార్జునస్వామి, భ్రమరాంబాదేవి కొలువై ఉన్నారు. ఇది పన్నెండు జ్యోతిర్లింగాలలో ఒకటి, పద్దెనిమిది శక్తిపీఠాలలో ఒకటి. ఈ రెండూ ఒకే చోట ఉండడం వల్ల శైవులకు, శాక్తేయులకు ఇద్దరికీ ఇది ముఖ్యక్షేత్రమైంది.

సంప్రదాయం ప్రకారం శ్రీశైలానికి నాలుగు ద్వారాలు ఉన్నాయి. తూర్పున త్రిపురాంతకం, దక్షిణాన సిద్ధవటం, పడమర అలంపురం, ఉత్తరాన ఉమామహేశ్వరం. ఇవి కాక ఏలేశ్వరం, సోమశిల, పుష్పగిరి, సంగమేశ్వరం అనేవి ఉపద్వారాలు. ఇవి గుడి ప్రాకారానికి ఉన్న వాకిళ్ళు కావు. ఒకదానికొకటి ఎంతో దూరంలో ఉన్న వేరువేరు క్షేత్రాలు. వీటిని పటంలో గుర్తిస్తే యాత్రికులు ఏ దిక్కుల నుంచి వచ్చేవారో తెలుస్తుంది. తీరాంధ్రం నుంచి వచ్చేవారికి త్రిపురాంతకం, కడప సీమ వారికి సిద్ధవటం, తుంగభద్ర వైపు వారికి అలంపురం, కృష్ణకు ఉత్తరాన తెలంగాణ వారికి ఉమామహేశ్వరం తొలి మజిలీలు. ద్వారంలో ఆగి, స్నానం చేసి, దర్శనం చేసుకొని, తోటి యాత్రికులు పోగయ్యాక గుంపుగా అడవిలోకి నడిచేవారు. పులులు తిరిగే అడవిలో ఒంటరిగా నడవడం ప్రాణాపాయం. కాబట్టి ద్వారక్షేత్రాల సంప్రదాయానికి మతపరమైన అర్థంతో పాటు ప్రయాణ అవసరం కూడా ఉందని గ్రహించాలి.

9.3 దారి వేసిన వారు

కొండవీటి రెడ్డి రాజులు పద్నాలుగో శతాబ్దిలో ఈ యాత్రను సులభం చేయడానికి శ్రద్ధ చూపారు. ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికి, అహోబిలానికి మెట్లు కట్టించాడు. విజయనగర రాజు రెండవ హరిహరరాయలు ఆలయ ముఖమండపాన్ని కట్టించగా, ఆయన రాణి విఠలాంబ 1393లో కృష్ణానది రేవైన పాతాళగంగకు మెట్లు వేయించింది. శ్రీకృష్ణదేవరాయలు 1515లో కొండవీటి విజయం తరువాత శ్రీశైలాన్ని దర్శించి, రథవీధిలో మండపాలు నిర్మింపజేశాడు. 1677లో దక్షిణ దండయాత్రకు వచ్చిన శివాజీ కూడా ఇక్కడికి వచ్చాడు. ఉత్తర గోపురాన్ని నేటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు.

ఈ నిర్మాణాలలో ఒక విషయం గమనించండి. మెట్లు, రథవీధిలోని మండపాలు గర్భగుడి కోసం కట్టినవి కావు, యాత్రికుల కోసం కట్టినవి. యాత్రికుల రాకపోకలు ఎక్కువగా ఉన్నప్పుడే ఇటువంటి నిర్మాణాల అవసరం కలుగుతుంది. రాజు మెట్లు కట్టించాడంటే అంతకు ముందే అక్కడ జనం నడిచిన బాట ఉందని అర్థం. రాజుకు పుణ్యం, కీర్తి దక్కాయి. అయితే దారిని ముందు వేసినవి యాత్రికుల పాదాలే.

9.4 యాత్రికుల భక్తి – సాహిత్య ఆధారాలు

సామాన్య యాత్రికుల గురించి శాసనాలు చెప్పని విషయాలను సాహిత్యం చెబుతుంది. పాల్కురికి సోమనాథుడు ద్విపదలో రచించిన పండితారాధ్య చరిత్రలో చివరిదైన పర్వత ప్రకరణం ఇందుకు ముఖ్యమైన ఆధారం. ఇందులో పర్వతం అంటే శ్రీపర్వతం, అంటే శ్రీశైలమే. శివరాత్రికి కొండకు వెళ్ళే జనసమూహాన్ని, వారి మొక్కులను, జాగరణను, ఆటపాటలను కవి విస్తారంగా వర్ణించాడు. తుమ్మెద పదాలు, పర్వత పదాలు, శంకర పదాలు, వెన్నెల పదాలు వంటి పాటల పేర్లు మనకు ఈ గ్రంథం వల్లనే తెలిశాయి. దారి పొడవునా జనం పాడుకొన్న పాటలు తెలుగు జానపద సాహిత్య చరిత్రకు ఆధారమయ్యాయంటే యాత్ర ప్రాముఖ్యం ఎంతటిదో ఊహించవచ్చు.

భక్తిలో తీవ్రమైన రూపం కూడా ఉండేది. రెడ్డి రాజు అనవేముడు 1377లో ఇక్కడ వీరశిరోమండపాన్ని నిర్మించాడు. వీరభక్తులు అక్కడ తమ శిరస్సులను, నాలుకలను స్వయంగా కోసి స్వామికి అర్పించేవారని శాసనం తెలుపుతుంది. ఇది నేటి పాఠకుడికి భయం కలిగించవచ్చు. చరిత్ర విద్యార్థి దీనిని మెచ్చుకోవడమో, ఏవగించుకోవడమో కాక, యుద్ధాలు నిత్యకృత్యమైన ఆ కాలపు వీరధర్మం భక్తిలోకి ఎలా ప్రవేశించిందో ఆలోచించాలి.

9.5 ఉత్సవాలు – ఎవరి పండుగ ఏది?

శ్రీశైలంలో ఏడాది పొడవునా పూజలు జరుగుతాయి. అయితే ఒక్కొక్క పెద్ద ఉత్సవంలో ఒక్కొక్క జనసమూహం ప్రత్యేకంగా కనిపిస్తుంది.

(అ) మహాశివరాత్రి : ఆ రాత్రి లింగోద్భవ కాలంలో పాగాలంకరణ జరుగుతుంది. చీరాల ప్రాంతపు నేతవారు రోజుకు ఒక మూర చొప్పున ఏడాదంతా నేసిన 365 మూరల తెల్లని పాగాను గర్భాలయ విమాన కలశం నుంచి ముఖమండపం మీది నందుల వరకు చుడతారు. అప్పుడు దీపాలన్నీ ఆర్పివేస్తారు. పాగా చుట్టే వ్యక్తి చీకటిలో, దిగంబరుడై ఈ పని చేస్తాడు. ఆ తరువాతే కల్యాణం. పెళ్ళికొడుకు తలకు పాగా చుట్టేది రాజూ కాదు, అర్చకుడూ కాదు. మగ్గం ముందు కూర్చునే నేతగాడు. ఏ రాతిమీదా చెక్కకపోయినా ఈ హక్కు ఏటేటా ఉత్సవంలో అందరి ఎదుట రుజువవుతూనే ఉంది.

(ఆ) ఉగాది : ఈ పండుగకు కర్ణాటక, మహారాష్ట్రల నుంచి యాత్రికులు వేల సంఖ్యలో వస్తారు. చాలామంది రోజుల తరబడి నడిచే వస్తారు. కన్నడిగులు భ్రమరాంబను తమ ఆడపడుచుగా, మల్లన్నను తమ అల్లుడిగా భావిస్తారు. ఏడాదికొకసారి అత్తవారింట ఉన్న బిడ్డను చూడడానికి చీర, పసుపు, కుంకుమ, గాజులతో సారె తీసుకొని వస్తారు. ఈ అనుబంధం పాతది. పన్నెండో శతాబ్దిలో కన్నడ శివశరణి అక్కమహాదేవి కల్యాణ నగరం నుంచి శ్రీశైలానికి వచ్చి, ఇక్కడి కదళీవనంలో తపస్సు చేసి లింగైక్యం చెందిందని వీరశైవ సంప్రదాయం చెబుతుంది. ఉగాది ఉత్సవాలలో కన్నడ భక్తులు చేసే వీరాచార విన్యాసాలలో శరీరానికి శస్త్రాలు గుచ్చుకోవడం, నిప్పులగుండం తొక్కడం ఉన్నాయి. వీరశిరోమండపంతో వీటిని పోల్చి చూస్తే, ప్రాణార్పణ పోయినా దేహాన్ని కష్టపెట్టి మొక్కు తీర్చుకొనే భావన మిగిలి ఉందని తెలుస్తుంది.

(ఇ) సంక్రాంతి : నల్లమల చెంచులు స్వామిని చెంచు మల్లయ్య అంటారు. వేటకు వచ్చిన శివుడు చెంచుల ఆడపిల్లను ప్రేమించి పెళ్ళాడాడని వారి కథ. కాబట్టి వారికీ ఆయన అల్లుడే. సంక్రాంతి బ్రహ్మోత్సవాలలో జరిగే కల్యాణానికి ఆలయం వారు చెంచులను ఆహ్వానించి గౌరవిస్తున్నారు.

(ఈ) కుంభోత్సవం : చైత్ర పౌర్ణమి తరువాత వచ్చే మంగళవారం లేదా శుక్రవారం భ్రమరాంబకు ఈ ఉత్సవం చేస్తారు. అన్నాన్ని కుంభంగా రాశిపోసి, గుమ్మడికాయలు, కొబ్బరికాయలు, నిమ్మకాయలతో సాత్త్విక బలి ఇస్తారు. పూర్వం ఇక్కడ జంతుబలి ఉండేది. బలి వస్తువు మారింది, ఉత్సవం కొనసాగింది. ఆచారాలు ఎప్పటికీ మారవనే అభిప్రాయం సరికాదనడానికి ఇది ఉదాహరణ.

ఇప్పుడు ఈ ఉత్సవాలను కలిపి చూడండి. కన్నడిగులు, చెంచులు భాషలోను, జీవనంలోను ఎంతో దూరమైనవారు. అయినా ఇద్దరూ ఒకే దేవుడిని అల్లుడు అంటున్నారు. మన సమాజంలో అల్లుడి ఇంటికి రావడానికి అత్తింటివారికి హక్కు ఉంటుంది, వస్తే మర్యాద చేయవలసిన బాధ్యత ఆ ఇంటికి ఉంటుంది. శాసనం లేనివారు గుడిపై తమ హక్కును బంధుత్వం రూపంలో చెప్పుకొన్నారు. కథను కేవలం కల్పన అని పక్కనపెడితే ఈ చారిత్రక విషయం మనకు కనిపించకుండా పోతుంది.

9.6 సుంకం, పరిపాలన

యాత్రికులు పెరిగితే ఆదాయం వస్తుంది. ఆదాయం ఉన్నచోట పాలకుల దృష్టి పడుతుంది. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామి 1830 మే నెలలో కాశీయాత్రకు బయలుదేరి, దారిలో శ్రీశైలాన్ని దర్శించాడు. అప్పటికి ఈ ప్రాంతం కందనూరు, అంటే కర్నూలు, నవాబు ఏలుబడిలో ఉంది. నవాబు యాత్రికుల నుంచి సుంకం వసూలు చేయిస్తున్నాడని, గుడి బాగోగులు మాత్రం చూడడం లేదని వీరాస్వామి తన కాశీయాత్ర చరిత్రలో రాశాడు.

దీనిని కేవలం ఒక నవాబు మతానికి సంబంధించిన విషయంగా చూడకూడదు. అదే కాలంలో తిరుపతి ఆలయ ఆదాయాన్ని ఈస్టిండియా కంపెనీ తీసుకొంటూ ఉండేది. యాత్రను రాబడి మార్గంగా చూడడం ఆనాటి పాలకులందరిలోనూ ఉన్న ధోరణి. 1839లో ఆంగ్లేయులు కర్నూలు నవాబును తొలగించారు. 1863 చట్టంతో ప్రభుత్వం మతసంస్థల ప్రత్యక్ష నిర్వహణ నుంచి తప్పుకొంది. శ్రీశైల ఆలయం చాలాకాలం పుష్పగిరి పీఠాధిపతుల నిర్వహణలో ఉండి, ఇరవయ్యో శతాబ్దిలో దేవాదాయశాఖ కిందికి వచ్చింది.

9.7 దారి మారింది – యాత్ర మారింది

ఇరవయ్యో శతాబ్దిలో దోర్నాల వైపు నుంచి, మన్ననూరు మీదుగా హైదరాబాదు వైపు నుంచి ఘాట్ రోడ్లు ఏర్పడ్డాయి. కృష్ణపై ఆనకట్టలు వచ్చాయి. నాగార్జునసాగర్ జలాశయంలో ఏలేశ్వరం మునిగింది. శ్రీశైలం జలాశయంలో సంగమేశ్వరం మునిగింది. నీటిమట్టం తగ్గిన వేసవిలో మాత్రమే ఆ గుడి బయటపడుతుంది. ముంపు ప్రాంతంలోని అనేక ఆలయాలను విప్పి వేరేచోట తిరిగి కట్టారు. పాతాళగంగకు ఇప్పుడు రోప్‌వే కూడా ఉంది.

దీనివల్ల లాభం స్పష్టమే. వృద్ధులు, వికలాంగులు, చంటిపిల్లల తల్లులు కూడా ఒక్కరోజులో దర్శనం చేసుకొని ఇంటికి చేరగలుగుతున్నారు. ఒకప్పుడు వీరికి ఈ యాత్ర దాదాపు అసాధ్యం. నష్టం మాత్రం వెంటనే కంటికి కనబడదు. బస్సు త్రిపురాంతకంలోనో, ఉమామహేశ్వరంలోనో ఆగవలసిన పని లేదు. ద్వారం అనే మాట మిగిలింది కాని, ద్వారం గుండా వెళ్ళే అవసరం పోయింది. దారిలో పాడే పాటలకూ చోటు తగ్గింది.

అయినా కాలిబాట పూర్తిగా చెరిగిపోలేదు. ఆత్మకూరు సమీపంలోని వెంకటాపురం నుంచి నాగలూటి, పెచ్చెరువు, భీమునికొలను మీదుగా కైలాసద్వారం చేరే అడవిదారిలో శివరాత్రికి, ఉగాదికి భక్తులు ఇప్పటికీ నడుస్తున్నారు. ఇది పులుల అభయారణ్యం కాబట్టి అటవీశాఖ అనుమతించిన రోజులలోనే ఈ దారి తెరచి ఉంటుంది. రోడ్డు ఉండి కూడా నడిచి వెళ్ళేవారికి నడకే మొక్కు. పూర్వం గత్యంతరం లేక చేసిన నడక ఇప్పుడు ఇష్టపడి చేసే వ్రతమైంది.

9.8 సారాంశం

శ్రీశైల యాత్ర చరిత్రలో రాజులు మెట్లు, మండపాలు కట్టించారు. పాలకులు సుంకాలు తీసుకొన్నారు. శాసనాలు, గ్రంథాలు వీటిని నమోదు చేశాయి. నేతవారు, చెంచులు, కన్నడ యాత్రికులు రాతిపై తమ పేర్లు రాయించుకోలేదు. వారి చరిత్ర పాగాలో, సారెలో, అల్లుడనే పిలుపులో నిలిచి ఉంది. కాబట్టి ఉత్సవాన్ని కూడా ఒక చారిత్రక ఆధారంగా చదవడం అవసరం. మీ ఊరి జాతరలో మొదటి బోనం ఎవరిదో, రథం పగ్గం ముందుగా ఎవరు పట్టుకొంటారో, కల్యాణానికి తలంబ్రాలు ఏ ఇంటి నుంచి వస్తాయో పెద్దలను అడిగి రాసుకోండి. గ్రంథాలలో దొరకని చరిత్ర అక్కడ మీకు దొరుకుతుంది.

9.9 మాదిరి పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. శ్రీశైల ద్వారక్షేత్రాల ప్రాముఖ్యాన్ని తెలపండి.
2. పాగాలంకరణను వివరించండి.
3. యాత్రా సుంకం గురించి ఏనుగుల వీరాస్వామి రచన ఏమి తెలుపుతుంది?

II. కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. శాసనం లేని జనసమూహాల చరిత్రను ఉత్సవాల ద్వారా ఎలా తెలుసుకోవచ్చో శ్రీశైలం ఆధారంగా చర్చించండి.
2. రోడ్లు, ఆనకట్టల వల్ల శ్రీశైల యాత్రలో వచ్చిన మార్పులను పరిశీలించండి.