సరుకు మోయు పెట్టె: నెల్లూరు తీరపు కథ

చక్రమును గురించి చరిత్రకారులు చాల వ్రాసిరి. ఎద్దును గురించియు, గుఱ్ఱమును గురించియు వ్రాసిరి. కాని ఎద్దు వీపుమీదను, చక్రముల నడుమను సరుకును నిలుపుటకు మానవుడు కల్పించుకొనిన సంచిని, బుట్టను, తొట్టిని, పెట్టెను గురించి వ్రాసినవారు అరుదు. నిజమునకు ప్రయాణము చేయవలసినది సరుకే. పశువును బండియు దానికొరకే పుట్టినవి. బాటలేని నేలమీద సరుకు చెడకుండ, ఒలికిపోకుండ, మోయు ప్రాణికి గాయము కాకుండ గమ్యము చేర్చుట ఎట్లు? ఈ ప్రశ్నకు నెల్లూరు సముద్రతీరము తరతరములుగా చెప్పుచు వచ్చిన సమాధానములు నేటికిని ఆలోచింపదగినవి.

ఈ సీమలో తూర్పునుండి పడమరకు పోవుకొలది నేల అనేక రూపములు దాల్చును. ఒడ్డున కాలు దిగబడు ఇసుక దిబ్బలు. వాని వెనుక కాలువయు, ఉప్పు కొటార్లును, వానకు జారుడుపడు చవుడు నేలలును. పిమ్మట పెన్నా డెల్టా వరిమళ్ల బురద. ఆపైన గులకరాతి మెట్టలు, తుదకు వెలికొండలు. ఇసుకలో నడచు బండి బురదలో నడువదు. బురదలో నడచునది కొండ యెక్కదు. కావున ఇచట సరుకు మోయువారికి ప్రతి నేలయు ఒక పరీక్షయే.

తీరమున పండిన ఉప్పు పడమటి గ్రామములకు పోవలెను. అచటి ధాన్యము, అపరాలు ఇటు రావలెను. మంచి బాటలు లేని దినములలో ఈ రాకపోకలు పెరికెద్దుల మూలమున సాగినవి. పెరిక యనగా ఎద్దు వీపున ఇరువైపుల వ్రేలాడు జోడు గోనె. ఆ పనిచేసిన వారికి ఆ గోనె పేరే కులనామమైనది. లంబాడీలును మందలకొలది ఎద్దులను తోలుకొని ఈ వ్యాపారమే చేసిరి. 1791-92లో కారన్‌వాలిసు టిప్పు సుల్తానుపై దండెత్తినపుడు సైన్యమునకు ధాన్యము అందించినవి లంబాడీల ఎద్దుల మందలే.

చూచుటకు పెరిక ఒక సామాన్యమైన సంచి. కాని దాని వెనుక గొప్ప యుక్తి కలదు. రెండు గోనెలును సమానముగా తూగవలెను. ఒకటి బరువైనచో మూట జారును, ఎద్దు కుంటును. బరువు వీపుమీద ఎత్తుగా నిలువక ప్రక్కలకు దిగి యుండుటచే, కొండ వాలున సైతము పశువు తూలదు. సాయంకాలము మజిలీ చేరగనే మోపు మోపుగా దింపి, బస చుట్టు గోడవలె పేర్చుకొనవచ్చును. గోనెకును వీపునకును నడుమ మెత్తని గంత యుండెడిది. గంత సరిపడనిచో వీపు పుండగును; ఆ పుంటిపై ఉప్పునీరు కారినచో పశువు పడు బాధ చెప్పనలవి కాదు. 'గంతకు తగ్గ బొంత' యను సామెతను నేడు మనము పరిహాసమునకు వాడుచున్నాము. కాని గంత యనునది పశువు వీపున వేయు మెత్త యని తలచినచో, అది మన పూర్వుల సాంకేతిక సూత్రముగా తోచును.

బాటలు ఏర్పడిన కొలది పెరిక స్థానమును బండి ఆక్రమించినది. రెండు చక్రములు, వాని నడుమ ఇరుసు, ముందుకు సాగిన నొగ, దాని కొనను కాడి. ఈ బండిపై సరుకు నింపుట అనుభవముచే గాని పట్టుబడదు. బరువు ఇరుసునకు కొంచెము ముందుగా ఉండవలెను. మరీ ముందునకు జరిగినచో భారమంతయు ఎద్దుల మెడపై పడి కాడి క్రింద చర్మము చిట్లును. వెనుకకు జరిగినచో నొగ పైకి లేచి పలుపు గొంతు నొక్కును. ఎత్తున మెడపై బరువు తగ్గును, పల్లమున పెరుగును. అందుచేత తోలువాడు ఎత్తున ముందునకు జరిగి కూర్చుండి, పల్లమున వెనుకకు జరిగి, తన శరీరమునే తూకపురాయిగా వాడుకొనును. సరుకు ఎత్తుగా పేర్చిన కొలది, ఒక చక్రము గోతిలో దిగినపుడు బండి బోర్లపడు అపాయము హెచ్చును.

బండి తొట్టియు ఒక్క తీరున ఉండదు. మొలగొలుకుల ధాన్యము మోయునపుడు సందులేకుండ చాపలు, గోనెపట్టాలు పరచవలెను. లేనిచో దారిపొడవునను గింజలు రాలును. చేపల బుట్టలు మోయునపుడు నీరు కారిపోవుటకు సందులు ఉండవలెను. పెంట తోలునపుడు చుట్టును తడికలు నిలిపి, వెనుక తడిక తీయగనే ఎరువు జారునట్లు చేయుదురు. కట్టెలకు తడికయే అక్కరలేదు. నాలుగు గుంజలు చాలును. ఉప్పు ఇనుమును తినివేయును గనుక దానిని మోయు తొట్టికి మేకులకంటె త్రాటికట్లే మేలు. అనగా ఆ బండివాని దృష్టిలో సరుకుపెట్టె ఒక వస్తువు కాదు. ఒకే పీఠముపై అవసరమునుబట్టి అమర్చి, అవసరము తీరగనే విప్పదగిన ఏర్పాటు. బండి అడుగున వలవలె కట్టిన త్రాళ్లలో ఎద్దులమేత వ్రేలాడును. పై స్థలమంతయు సరుకునకు మిగులును. క్రిందనున్న బరువు బండికి స్థిరత్వము నిచ్చును.

ఈ మేతయే ఒక మహా విపత్తున బండియొక్క బలహీనతను బయటపెట్టినది. 1876-78లో మదరాసు రాజధానిలో సంభవించిన ధాత కరవున మనుష్యులకే గాక పశువులకును తిండిలేక పోయెను. ఎద్దులు లేని బండి కొయ్యకుప్పయే. ఒకచోట ధాన్యము ఉన్నను, మరియొకచోట జనులు మరణించుచున్నను, నడుమ దానిని లాగు ప్రాణి లేకుండెను. మోయు సాధనమును పోషించుటకు సైతము తిండి కావలెనను సత్యము అంత క్రూరముగా మరెన్నడును తెలియలేదు.

ఆ కరవు పనిగానే తీరపు కాలువ పూర్తి చేయబడినది. 1806లో మదరాసునుండి ఎన్నూరు వరకు త్రవ్వబడి, క్రమముగా ఉత్తరమునకు సాగిన ఆ కాలువను కరవు కూలీలచే పొడిగించి, అప్పటి గవర్నరు పేర బకింగుహాం కాలువ యనిరి. పెదగంజామునుండి మరక్కాణము వరకు దాని పొడవు సుమారు 420 కిలోమీటర్లు. మేతయక్కరలేని పడవ అందు సరుకు మోసెను. ఇది లోతులేని నీటిలో తేలుటకు అడుగు బల్లపరుపుగా కట్టిన పడవ; పైన సరుకు తడవకుండ కప్పు. గాలి యున్నపుడు తెరచాప, లేనపుడు గెడకఱ్ఱ, లేదా గట్టుపై నడచు మనుష్యుల భుజములకు కట్టిన త్రాడు. ఎద్దు తప్పించుకొనిన భారము మనుష్యుని భుజముపైకి వచ్చినదని మనము మరువరాదు. ఇసుకపల్లి, కృష్ణపట్టణముల ఉప్పును, శ్రీహరికోట కట్టెలును ఈ మార్గముననే పయనించినవి. 1899లో బెజవాడ, మదరాసులను కలుపు రైలుమార్గము ఏర్పడిన పిదప కాలువ ప్రాభవము సన్నగిల్లుచు వచ్చినది.

ఇరువదవ శతాబ్దమున గాలి నింపిన రబ్బరు టైరు ఎద్దుబండికి వచ్చినది. సన్నని ఇనుపపట్టా ఇసుకను కోసికొని దిగబడును. వెడల్పాటి టైరు పైపైని పోవును. బెంగుళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మేనేజ్‌మెంట్ తొలి డైరెక్టరు ఎన్. ఎస్. రామస్వామి ఎద్దుబండి సంస్కరణకై చిరకాలము కృషిచేసి, కాడిని, చక్రమును బాగుపరచినచో పశువు బాధ తగ్గి బండి మోయు బరువు పెరుగునని వాదించిరి.

ఇంతలో ఎద్దులేని బండ్లును బాటలేని నేలపైకి వచ్చినవి. రెండవ ప్రపంచయుద్ధమున పుట్టిన జీపు వెనుక ఒక చిన్న తొట్టిబండిని తగిలించెడివారు. అది మోయదగిన బరువు 500 పౌనులు. దాని ఉక్కు తొట్టిని నీరుచొరకుండ చేయుటచే ఏరు అడ్డమైనపుడు అది పడవవలె తేలెడిది. నెల్లూరు తీరమున బండియు, పడవయు వేరువేరుగా చేసిన పనులు అందు ఒక్కటైనవి. 1970లో హోండా సంస్థ ఉబ్బు టైర్లుగల మూడుచక్రముల వాహనమును అమ్మకమునకు తెచ్చెను. ఇట్టివి తేలికగా తలక్రిందులై ప్రమాదములు హెచ్చుటచే, 1988లో అమెరికాలో మూడుచక్రముల వాహనముల అమ్మకము నిలిచిపోయి, నాలుగు చక్రములవే మిగిలినవి. నేడు వానిపై సరుకు కట్టువారికి తయారీదారులు చెప్పు హితవు ఏమి? బరువు తక్కువ ఎత్తున ఉంచుడు, మితి మీరవలదు, కదలకుండ బిగింపుడు, ముందువెనుకల తూకము చూడుడు. పెరిక కట్టినవాడును, బండి తోలినవాడును దీనిని విన్నచో క్రొత్తదనము కనుగొనకపోవుదురు.

పాత సాధనము క్రొత్తదానికి చేయందించిన ఘట్టమును ఒకటి కలదు. ఆపిల్ అను భారతీయ ఉపగ్రహమును 1981 జూన్ 19న దక్షిణ అమెరికాలోని కూరూనుండి ప్రయోగించిరి. దానికి ముందు బెంగుళూరులో దాని యాంటెన్నాను పరీక్షించుటకు లోహపు వాహనము ఆటంకమగునని, దానిని కొయ్య ఎద్దుబండిపై నుంచిరి. ఆ ఛాయాచిత్రమును పలువురు పేదరికపు గుర్తుగా చూచిరి. నిజమునకు అచట జరిగినది సరుకునకు తగిన బండిని ఎన్నుకొనుటయే.

ఒకప్పుడు మదరాసు పొయ్యిలకు కట్టెలు పంపిన శ్రీహరికోటనుండి 2023 జూలై 14న చంద్రయాన్-3 బయలుదేరినది. అదే యేట ఆగష్టు 23న చంద్రునిపై దిగిన విక్రమ్ లోపలినుండి ప్రజ్ఞాన్ అను ఆరుచక్రముల బండి వెలికివచ్చెను. దాని బరువు సుమారు 26 కిలోలు. సరుకు రెండు పరిశోధన యంత్రములు. బాటయే లేని నేలపై దానిని నడిపినవారికిని, వెలికొండ దారిని ఉప్పు తోలినవారికిని పరికరములు వేరు; సమస్య ఒక్కటే.

కావున సరుకుపెట్టె కట్టించుకొనగోరువారు దాని కొలతలను ముందుగా అడుగరాదు. ఏ నేల, ఏ సరుకు, మోయునది ఎవరు అని ముందు అడుగవలెను. నేలను మరచిన పెట్టె బోర్లపడును. సరుకును మరచినది దానిని చెరచును. మోయు ప్రాణిని మరచిన పెట్టె ఎంత చక్కనిదైనను ఒక మెడపై పుండుగా మిగులును.